మెదడుకు కరెంటు పెడితే తిండి మీద యావ తగ్గుతుందా?

మీరడిగింది నాకు అర్థమైనంతవరకు ముందు చెబుతాను, ఇది చదివే మిగతావాళ్లకూ తెలుస్తుంది. మీకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు. పగలంతా నోరు కట్టుకుంటారు. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు కూడా వేయకుండా, ఫ్రిజ్ వెలుతురులోనే మిగిలిన అన్నం, పచ్చడి, మిక్చర్ డబ్బా, పిల్లల ఐస్‌క్రీమ్, ఏది దొరికితే అది, కడుపు నొప్పెట్టేదాకా తింటారు. ఆ తర్వాత ఏడుపు. వారంలో మూడు నాలుగు రాత్రులు ఇదే వరస, ఏడాది పైగా. ఈమధ్య ఒక సెంటర్ వాళ్లు "డైట్ వద్దు, మాత్రలు వద్దు, మెదడుకు 20 సెషన్లు చాలు" అంటే 5,000 అడ్వాన్సు కట్టారు. ఆన్‌లైన్‌లో నెత్తికి పెట్టుకునే హెడ్‌సెట్ కూడా ఒకటి చూశారు. ఇది నిజంగా పనిచేస్తుందా, ప్రమాదమేమైనా ఉందా, హెడ్‌సెట్ కొనుక్కుంటే సరిపోతుందా అన్నవి మీ ప్రశ్నలు. చివర్లో, అడగాలా వద్దా అన్నట్టుగా, "ఇది జబ్బా, లేక మా ఆయన అన్నట్టు నా బద్ధకమేనా?" అని ఇంకొకటి.

నేను మానసిక వైద్యుణ్ని. ప్రాక్టీసు పెట్టి పద్దెనిమిదేళ్లయింది. మీరు చెప్పిన మెషిన్ మా క్లినిక్‌లోనూ ఉంది. డిప్రెషన్‌కీ, ఒకే ఆలోచన, ఒకే పని మళ్లీమళ్లీ వెంటాడే ఓసీడీకీ వాడతాను. కాబట్టి ఈ చికిత్స అంటే నాకు చిన్నచూపు లేదు, నా సంపాదనలో కొంత దాని మీదే వస్తుంది. అయినా మీరు ఆ ప్యాకేజీ తీసుకోవద్దనే చెబుతాను. ఎందుకో చెప్పాలంటే కాస్త వివరంగా రాయాలి, ఓపిగ్గా చదవండి.

మొదట అసలు అది చేసేదేమిటో చూద్దాం. కోత ఉండదు, మత్తు ఇవ్వరు, అంతా తల బయటి నుంచే. ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. సెంటర్ల కరపత్రాలు రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంటాయి, కానీ రెండింటికీ చాలా తేడా ఉంది.

ఒకటి ఆర్‌టీఎంఎస్. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంటొనీ బార్కర్ బృందం మొదలుపెట్టిన పద్ధతి ఇది. తల మీద ఒక తీగచుట్ట (కాయిల్) ఆనించి దానిలోకి ఒక్కసారిగా కరెంటు వదులుతారు. ఆ క్షణం పుట్టే అయస్కాంత బలం ఎంఆర్ఐ మెషిన్‌లో ఉండేంత ఉంటుంది, కాకపోతే సెకనులో వెయ్యో వంతు కూడా నిలవదు. మారే అయస్కాంత క్షేత్రం పక్కనున్న తీగలో కరెంటు పుట్టిస్తుందని ఫారడే 1831లో చూపించింది మనం ఇంటర్‌లో చదువుకున్నాం కదా, అదే సూత్రం. ఇక్కడ ఆ తీగ స్థానంలో ఉన్నది మీ మెదడులోని నాడీకణాలు. మొదటిరోజు మేం బొటనవేలిని ఆడించే చోటు కోసం నెత్తి మీద వెతుకుతాం. టక్ మనగానే పేషెంటు చేతి వేలు దానంతటది ఎగురుతుంది. చూసినవాళ్లు నవ్వుతారు, కొందరు భయపడతారు. ఆ వేలు కదలడానికి ఎంత బలం పట్టిందో దాన్నిబట్టి ఆ మనిషికి మోతాదు లెక్కగడతాం. సెకనుకు పది దెబ్బల చొప్పున కొడితే ఆ ప్రాంతం చురుకవుతుందని, సెకనుకు ఒకటి చొప్పున కొడితే నెమ్మదిస్తుందని స్థూలంగా అనుకుంటాం. వారానికి ఐదు రోజుల చొప్పున, మొత్తం ఇరవై ముప్పై సెషన్లు పడుతుంది.

రెండోది టీడీసీఎస్. ఇది చాలా సాదా వ్యవహారం. ఉప్పునీళ్లలో తడిపిన రెండు స్పాంజీలు నెత్తికి కట్టి, వాటి గుండా 1 నుంచి 2 మిల్లీఆంపియర్ల కరెంటు ఇరవై నిమిషాలు పంపిస్తారు. మీ ఫోన్ చార్జర్ మీద 2ఏ అని రాసి ఉంటుంది చూడండి, దానిలో వెయ్యో వంతు. ఇది నాడీకణాన్ని పనిచేయించదు, పనిచేయడానికి కొంచెం సిద్ధంగా ఉంచుతుందంతే. 2000లో జర్మనీలోని గోటింగెన్‌లో నిట్షే, పౌలుస్ అనే ఇద్దరు దీనికి ఇప్పుడున్న రూపం ఇచ్చారు. 2016లో న్యూయార్క్‌లోని జార్జి బుజాకి అనే మెదడు శాస్త్రవేత్త శవాల తలల మీద కొలిచిన లెక్కలు బయటపెట్టాడు. పెట్టిన కరెంటులో దాదాపు 75 శాతం చర్మం, పుర్రెల దగ్గరే ఆగిపోతోందని తేలింది. ఆ రంగంలో ఉన్నవాళ్లకు అప్పట్లో అది పెద్ద దెబ్బే. మీరు ఆన్‌లైన్‌లో చూసిన హెడ్‌సెట్ ఈ రెండో రకానిది.

ఇక తిండికీ దీనికీ సంబంధం ఎక్కడ కుదిరిందో చెప్తాను. ఈ భాగమంటే నాకు ఇష్టం, కాస్త పక్కదారి పట్టినా ఏమీ అనుకోకండి.

1997లో స్విట్జర్లాండ్‌కు చెందిన మరియాన్ రెగార్డ్, థియోడోర్ లాండిస్ ఒక వింత లక్షణం గురించి రాశారు. మెదడులో ఒక చోట దెబ్బతిన్నాక 36 మంది పేషెంట్లకు ఉన్నట్టుండి మంచి భోజనం మీద పిచ్చి పట్టుకుంది. వాళ్లలో ఒకాయన రాజకీయాలు రాసే జర్నలిస్టు. అంతకు ముందు తిండి గురించి ప్రత్యేకంగా పట్టించుకున్న మనిషి కాదు. పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో పడుకున్నా ఏ వంటకం ఎలా ఉండాలన్నదే ఆయన ధ్యాస. కోలుకున్నాక రాజకీయాలు వదిలేసి తిండి గురించి కాలమ్ రాయడం మొదలుపెట్టాడు. వీళ్లలో దాదాపు అందరికీ దెబ్బ తగిలింది మెదడు కుడివైపున, ఎక్కువగా ముందు భాగంలో. పదేళ్ల తర్వాత బోస్టన్‌లో అలోన్సో-అలోన్సో, పాస్కువల్-లియోన్ దీన్ని పట్టుకుని ఒక ఊహ ముందుకు తెచ్చారు. అతిగా తినడం వెనుక ఆకలి ఒక్కటే కారణం కాదని, నుదుటి వెనుక భాగం తినాలన్న కోరికకు వేసే కళ్లెం వదులవడం కూడా కారణం కావచ్చని. అలాంటప్పుడు ఆ భాగాన్ని బయటినుంచి చురుకు చేస్తే కళ్లెం మళ్లీ బిగుస్తుంది కదా?

మీ సెంటర్ వాళ్లు అమ్ముతున్నది ఈ ప్రశ్ననే. జవాబు మాత్రం వాళ్ల దగ్గర లేదు.

వాళ్లు చెప్పరు గానీ ఆకలికి మూలస్థానం నుదుటి వెనుక లేదు. అది హైపోథలమస్‌లో ఉంది, మెదడు అడుగున, నడిమధ్యలో. కడుపు నుంచి వచ్చే ఘ్రెలిన్, కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ లాంటి హార్మోన్ల కబుర్లు చేరేది అక్కడికే. మామూలు కాయిల్ బలం తల పైనుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకే చేరుతుంది. ఇంకా లోతుకు వెళ్లే ప్రత్యేక కాయిళ్లున్నా అవి కూడా హైపోథలమస్ దాకా పోవు. అంటే ఈ చికిత్స మీ ఆకలిని ముట్టుకోదు. ముట్టుకుంటే ఆకలి పుట్టాక దాన్ని ఆపుకునే శక్తిని ముట్టుకుంటుంది. ఈ రెండింటి తేడా మనసులో పెట్టుకుని తర్వాతది చదవండి.

పరిశోధనలకొద్దాం. లండన్‌లోని కింగ్స్ కాలేజీలో 2005లో రుడాల్ఫ్ ఊహెర్ బృందం, తరచూ తిండి మీద యావ కలుగుతుందని చెప్పిన 28 మంది ఆడవాళ్లను తీసుకుంది. ఎదురుగా నోరూరించే పదార్థాలు పెట్టి యావ ఎంతుందో అడిగింది. సగం మందికి ఎడమవైపు నుదుటి భాగం మీద అసలు ఆర్‌టీఎంఎస్, మిగతా సగం మందికి ఉత్తుత్తిది, అంటే పెట్టినట్టు నటించేది. ఉత్తుత్తిది పెట్టినవాళ్లకు యావ పెరిగింది, అసలుది పెట్టినవాళ్లకు పెరగలేదు. కానీ ఆ తర్వాత ఎదురుగా పెట్టింది ఎంత తిన్నారో కొలిస్తే రెండు గుంపులకూ తేడా లేదు. యావ ఆగినా చెయ్యి ఆగలేదన్నమాట.

తర్వాత 2011లో అమెరికాలో కెల్లీ బార్త్ బృందం ఇంకొంచెం తెలివిగా ఆలోచించింది. అసలు ఆర్‌టీఎంఎస్ నెత్తి మీద సుత్తితో కొట్టినట్టు ఉంటుంది, కొంత నొప్పి కూడా ఉంటుంది. ఉత్తుత్తి చికిత్సలో ఆ నొప్పి ఉండదు కాబట్టి తమకేది పెడుతున్నారో పేషెంటుకు ఇట్టే తెలిసిపోతుంది. అందుకని వీళ్లు ఉత్తుత్తి చికిత్సలో కూడా చర్మం మీద అంతే నొప్పి కలిగేలా ఏర్పాటు చేశారు. ఈసారి రెండింటిలోనూ యావ దాదాపు ఒకేలా తగ్గింది! నెత్తి మీద టకటకా కొడుతుంటే మైసూరుపాక్ మీద ధ్యాస ఎవరికి ఉంటుంది చెప్పండి. ఆ ప్రయోగంలో ఉన్నది పదిమందే, చాలా చిన్నది. అయినా నేను మా దగ్గర చేరే జూనియర్లకు మొదట చదవమని చెప్పేది అదే.

ఇక బరువు. చాలా పరిశోధనలు యావ దగ్గరే ఆగిపోతాయి, తూకం దాకా రావు. వచ్చినవాటిలో నాకు తెలిసిన మెరుగైనవి రెండు. 2018లో కొరియాలో ఊబకాయం ఉన్నవాళ్లకు నాలుగు వారాల్లో ఎనిమిది సెషన్లు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి గుంపుతో పోలిస్తే నిజంగానే తేడా కనిపించింది. ఎంతంటే, సగటున కిలోన్నర లోపు. 2019లో ఇటలీలోని మిలాన్‌లో లివియో లూజీ, అన్నా ఫెరుల్లి బృందం లోతుకు వెళ్లే కాయిల్‌తో సెకనుకు 18 దెబ్బల చొప్పున ఐదు వారాల్లో పదిహేను సెషన్లు ఇచ్చింది. ఆ గుంపు బరువులో 3 శాతానికి కొంచెం పైగా తగ్గింది. దీన్నే మీ సెంటర్ వాళ్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటారు. వాళ్లు రాయనిది ఏమిటంటే, ఆ పరిశోధనలో మూడు గుంపులూ కలిపి ముప్పై మంది చిల్లరే ఉన్నారు, అందరికీ తక్కువ కేలరీల ఆహారం కూడా ఇచ్చారు. "డైట్ వద్దు" అన్న మాట అక్కడే తేలిపోయింది.

టీడీసీఎస్ సంగతి ఇంకా పలుచన. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌కు ఫీనిక్స్‌లో ఉన్న కేంద్రంలో 2017లో పదిహేను సెషన్లు ఇచ్చి చూస్తే ఆకలి, చిరుతిళ్లు కొంత తగ్గాయి, బరువులో మాత్రం గుంపుల మధ్య తేడా రాలేదు.

ఇప్పుడు మీ 86 కిలోలకు ఈ లెక్క వేద్దాం. మిలాన్ ఫలితం మీకూ అచ్చంగా వచ్చిందనుకుంటే తగ్గేది రెండున్నర కిలోలు. కొరియా ఫలితమైతే కిలో చిల్లర. బరువు తగ్గించే ఇంజెక్షన్ల సంగతి చూస్తే, సెమాగ్లూటైడ్ మీద 2021లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో 68 వారాలకు సగటున 15 శాతం తగ్గారు. 2022లో టిర్జెపటైడ్ ఎక్కువ మోతాదుతో 72 వారాలకు సుమారు 21 శాతం. అవీ మహిమలేం కావు. వాంతులు, వికారం ఉంటాయి, ఖర్చు ఉంటుంది, ఆపేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుంది. పోలిక కోసమే చెప్పాను. ఆ మందులు హైపోథలమస్ దాకా కబురు పంపగలవు, కాయిల్ పంపలేదు. తేడా అంతా అక్కడే.

అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆర్‌టీఎంఎస్‌కు డిప్రెషన్ కోసం 2008లో అనుమతి ఇచ్చింది. ఓసీడీ కోసం 2018లో, సిగరెట్ మానడం కోసం 2020లో ఇచ్చింది. బరువు కోసం ఇవ్వలేదు. సిగరెట్‌కు పనిచేస్తే తిండికి ఎందుకు పనిచేయదని ఒక పేషెంటు నన్ను నిలదీశారు. మంచి ప్రశ్నే. సిగరెట్‌ను పూర్తిగా మానేయొచ్చు. ఒక్కసారి మానేస్తే ఇంట్లో అగ్గిపెట్టె కూడా కనబడకుండా చేసుకోవచ్చు. అన్నం మానలేం. రోజుకు మూడుసార్లు దాని ఎదుటే కూర్చుని, సరిపడా తిని, లేవాలి. పైగా బరువు తగ్గడం మొదలైతే శరీరం ఎదురుతిరుగుతుంది. 2011లో మెల్‌బోర్న్‌లో యాభైమందిని పది వారాలు గట్టి డైట్ మీద ఉంచి బరువు తగ్గించారు. ఏడాది తర్వాత చూస్తే కూడా ఆకలి పెంచే హార్మోన్లు పాత స్థాయికి రాలేదు, ఆకలి ఎక్కువగానే ఉంది. నాలుగు వారాల టకటకలు దీనికి ఎదురు నిలుస్తాయని నేను నమ్మను.

నా అనుభవం కూడా చెప్పాలి కదా. డిప్రెషన్‌కు ఆర్‌టీఎంఎస్ తీసుకున్న ఒక బ్యాంకు ఉద్యోగి, యాభై దాటినాయన, మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గారు. సాయంత్రం బజ్జీల బండి దగ్గర ఆగడం మానేశానని, ఇదంతా మెషిన్ మహిమేనని అందరికీ చెప్పారు. నాకు అలా అనిపించలేదు. మనసు కుదుటపడ్డాక ఆయన పొద్దున్నే లేచి మళ్లీ నడక మొదలుపెట్టారు, భార్యతో కూర్చుని భోంచేయడం మొదలుపెట్టారు. బజ్జీలు దానంతటవే తగ్గాయి. ఇంకొకామె నాలుగేళ్ల కిందట కేవలం తిండి కోసమే పెట్టమని బతిమాలింది. రుజువు తక్కువని చెప్పి, సంతకం తీసుకుని, ఇరవై సెషన్లు ఇచ్చాను. మూడు వారాలు అద్భుతం. "స్వీట్ షాపు ముందు నుంచి నడిచి వచ్చేశాను సార్" అని మెరిసే కళ్లతో చెప్పింది. కిలోన్నర తగ్గింది. తర్వాత పెళ్లిళ్ల సీజన్ వచ్చింది. రెండు నెలలకు ఆ కిలోన్నర, దాని మీద ఇంకో కిలో. ఆమె నన్నేమీ అనలేదు, "నా ఖర్మ" అనుకుంది. ఆమె దగ్గర తీసుకున్న డబ్బు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. ఆ తర్వాత బరువు కోసం ఎవరికీ పెట్టలేదు.

ఇప్పుడు అసలు విషయం. మీరు రాసిన దాంట్లో నా కంట పడింది 86 కిలోలు కాదు, ఫ్రిజ్ వెలుతురు.

ఒకేసారి చాలా ఎక్కువ తినడం, ఆపుకోలేకపోవడం, ఆకలి లేకపోయినా తినడం, సిగ్గుతో ఎవరూ లేనప్పుడు తినడం, నొప్పి వచ్చేదాకా తినడం, తర్వాత తమ మీద తమకే అసహ్యం. ఇవి వారానికి ఒక్కసారైనా చొప్పున మూడు నెలలు ఉంటే దానికి బింజ్ ఈటింగ్ డిజార్డర్ అని పేరు. 2013లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలో దీన్ని విడి జబ్బుగా చేర్చారు. మీది వారానికి మూడు నాలుగుసార్లు, ఏడాదిగా. తిన్నాక కావాలని వాంతి చేసుకుంటే, విరేచనాల మాత్రలు వేసుకుంటే అది బులీమియా, దాని దారి వేరు. మీరు అలాంటిదేమీ రాయలేదు, ఉంటే మాత్రం డాక్టరుకు దాచకండి. నిద్రలోంచి లేచి తింటున్నారా, ఇంకా పడుకోకముందే తింటున్నారా అన్నది కూడా చూడాలి. రాత్రిళ్లు ఎక్కువగా తినడం, నిద్ర సరిగ్గా పట్టకపోవడం కలిసిన స్థితిని ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే వైద్యుడు 1955లోనే గుర్తించాడు, నైట్ ఈటింగ్ సిండ్రోమ్ అంటారు, నిద్ర మధ్యలో లేచి తినడం కూడా ఇప్పుడు దాని కిందికే వస్తుంది. నిద్రమాత్ర జోల్పిడెమ్ వేసుకునేవాళ్లలో కొందరు నిద్రలోనే లేచి తిని, తెల్లారి గుర్తులేదంటారు. నేను చూసిన ఒకరు పచ్చి పిండి తిన్నారు. మీరేం మందులు వాడుతున్నారో రాయలేదు. మానసిక జబ్బులకు ఇచ్చే ఒలాంజపిన్, మిర్టాజపిన్ లాంటివి ఆకలిని బాగా పెంచుతాయి, ఉంటే వాటి సంగతి ముందు తేల్చాలి. థైరాయిడ్, షుగర్ పరీక్షలు ఎలాగూ చేయించండి.

ఈ జబ్బుకు బాగా రుజువైన చికిత్స మెషిన్‌లో లేదు. సీబీటీ అనే మాటల చికిత్స అది. మాటల చికిత్స అనగానే కౌన్సెలర్ ఎదురుగా కూర్చుని చిన్నప్పటి కథలు చెప్పడం అనుకుంటారు, కాదు. ఇందులో మొదట చేయించేది మీకు వింతగా అనిపిస్తుంది, పగలు సరిగ్గా తినమంటారు! మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు చిన్న తిండి, దేనికీ దేనికీ మధ్య నాలుగు గంటలకు మించి ఖాళీ ఉండకూడదు. ఆకలి వేసిందా లేదా అన్న లెక్క లేదు, టైమ్ అయిందా లేదా అన్నదే లెక్క. మీరు పగలు నోరు కట్టుకుంటున్నానని గర్వంగా రాశారు. నా ఉద్దేశంలో పగలు కట్టిన ఆ కట్టే రాత్రి తెగుతోంది. పొద్దున కాఫీతో సరిపెట్టి, మధ్యాహ్నం డబ్బాలో కీరా ముక్కలు తిని, రాత్రి రెండు పుల్కాలతో పడుకోబోయిన శరీరం పదకొండు గంటలకు ఊరుకుంటుందా? మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఈ ఒక్క మార్పుతోనే రెండు మూడు వారాల్లో రాత్రి తిండి సగానికి పడిపోవడం చాలాసార్లు చూశాను. మొదట్లో "ఇంత తింటే ఇంకా లావైపోతాను సార్" అని భయపడతారు. ఆ భయం పోవడానికే చికిత్సలో సగం పని.

ఇది రాత్రి తిండిని ఆపుతుంది గానీ దానంతటదే బరువును పెద్దగా తగ్గించదు. బరువుకు వేరే ప్రణాళిక కావాలి. మీ బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క, 34 దాటింది. మన దేశంలో 25 దగ్గరే ఊబకాయం అంటాం, ఎందుకంటే తక్కువ బరువుకే మనకు షుగర్, గుండెజబ్బులు వస్తున్నాయి. ఇందులో మీరు ఒంటరివారు కూడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బీఎంఐ 25కు పైన ఉన్న ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో వందకు 36 మంది, తెలంగాణలో 30 మంది. కాబట్టి హార్మోన్ల డాక్టరును (ఎండోక్రైనాలజిస్టును) కలిస్తే ఇంజెక్షన్ల మాట వస్తుంది, మీ విషయంలో అది అర్థంపర్థం ఉన్న మాటే. రాత్రుళ్ల సంగతి ఆ డాక్టరుకు కూడా చెప్పాలని మాత్రం మర్చిపోకండి. అమెరికాలో ఈ జబ్బుకే లిస్‌డెక్సాంఫెటమిన్ అనే మందు 2015 నుంచి ఇస్తున్నారు. అది బరువు తగ్గించడానికి కాదని మందు కాగితం మీదే రాసి ఉంటుంది. జబ్బు వేరు, బరువు వేరు అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

రేపు మెదడు ఉద్దీపనకు తిండి విషయంలో ఏదైనా చోటు దొరికితే ఇలాంటి జబ్బులోనే దొరకొచ్చని నేను కూడా ఆశ పెట్టుకున్నాను. కింగ్స్ కాలేజీలోనే బింజ్ ఈటింగ్ ఉన్న 82 మందిని గుంపులుగా చేసి, ఒక గుంపుకు ఇంట్లో పెట్టుకునే టీడీసీఎస్‌ను, తిండి బొమ్మల మీంచి చూపు మరల్చుకునే కంప్యూటర్ శిక్షణతో కలిపి ఇచ్చి చూశారు. ఇది చేయడానికి వీలవుతుందా లేదా అని చూసే తొలిమెట్టు ట్రయల్, ఫలితాలు ఆశ కలిగించేలా ఉన్నాయి. మీరు చూసిన హెడ్‌సెట్‌కు, దానికీ పోలిక పెట్టకండి. అక్కడ జబ్బు నిర్ధారణ అయినవాళ్లకు పరిశోధకుల పర్యవేక్షణలో, లెక్క ప్రకారం ఇచ్చారు, శిక్షణతో జతచేసి ఇచ్చారు.

హెడ్‌సెట్ కొనొద్దు. స్పాంజి ఆరిపోతే చర్మం కాలుతుంది, అలాంటి మచ్చతో నా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చాడు. స్పాంజి రెండంగుళాలు పక్కకు జరిగితే కరెంటు వేరే చోటికి పోతుంది. 2016లో ఈ రంగంలో పనిచేసే 39 మంది పరిశోధకులు ఇంట్లో సొంతంగా పెట్టుకునేవాళ్లను ఉద్దేశించి బహిరంగ లేఖ రాశారు. ఒక సామర్థ్యం పెంచబోతే ఇంకొకటి తగ్గే అవకాశం ఉందని, మార్పులు చాలాకాలం నిలిచిపోవచ్చని హెచ్చరించారు. బైపోలార్ ఉన్నవాళ్లకైతే మనసు ఒక్కసారిగా మేనియా వైపు, అంటే హద్దులేని ఉద్రేకంలోకి, ఎగిరిపోయే ప్రమాదం కూడా ఉంది.

క్లినిక్‌లో పద్ధతిగా చేసే ఆర్‌టీఎంఎస్ మాత్రం భయపడాల్సినంత ప్రమాదం కాదు. తలనొప్పి, నెత్తి నొప్పి మామూలే, మొదటి వారం తర్వాత తగ్గుతాయి. శబ్దానికి చెవుల్లో ప్లగ్గులు పెట్టాలి, పెట్టకపోతే లేచి వచ్చేయండి. అరుదుగా, వెయ్యి మందిలో ఒకరికన్నా తక్కువగా, ఫిట్స్ రావచ్చు. ఫిట్స్ జబ్బు ఉన్నవాళ్లకు, తలలో లోహపు క్లిప్పులు లేదా చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు పెట్టకూడదు. పేస్‌మేకర్ ఉంటే చెప్పాలి. డిప్రెషన్‌కు ఇచ్చే బ్యూప్రొపియాన్ లాంటి మందులు ఫిట్స్ అవకాశాన్ని పెంచుతాయి. ఇక్కడొక చిక్కుంది చూడండి. ఆకలి తగ్గుతుందని కొందరు డాక్టర్లు ఆ మందే రాస్తుంటారు. మీ సెంటర్‌లో ఇవేమైనా అడిగారా? మీరు రాసినదాన్నిబట్టి అడిగింది క్రెడిట్ కార్డు గురించి మాత్రమే.

బద్ధకమా అన్న మీ చివరి ప్రశ్న. రోజుకు పది గంటల ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఇల్లు, ఇవన్నీ లాక్కొస్తున్న మనిషిని బద్ధకస్తురాలని ఎలా అంటారో నాకు తెలియదు. బద్ధకమైతే పగలు కూడా ఉండాలి కదా. డాక్టరు దగ్గరికి వెళ్లేరోజు మీ ఆయన్ని కూడా వెంట తీసుకెళ్లండి, ఆయనకు మీరు నచ్చజెప్పే కన్నా డాక్టరు చెబితే తొందరగా ఎక్కుతుంది. మా క్లినిక్‌లో రోజూ జరిగేదే.

ఈ రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఏ టైమ్‌కి తిన్నారు, ఏం తిన్నారు, దానికి ముందు ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉన్నారు, అప్పుడు మనసెలా ఉంది. కేలరీలు రాయొద్దు, బరువు చూసుకోవద్దు. అది తీసుకుని సైకియాట్రిస్టును గానీ, ఈటింగ్ డిజార్డర్లు చూసే క్లినికల్ సైకాలజిస్టును గానీ కలవండి. ఆ సెంటర్ వాళ్లకు మాత్రం రేపే ఫోన్ చేయండి. చికిత్స చేసేది సైకియాట్రిస్టేనా, పెట్టే మెషిన్ ఈ రెండింటిలో ఏది, మొదటిరోజు బొటనవేలు కదిలించి మోతాదు చూస్తారా, బరువు తగ్గకపోతే డబ్బు వెనక్కిస్తామని కాగితం మీద రాసిస్తారా అని అడగండి. చివరి ప్రశ్నకు ఎలాగూ నీళ్లు నములుతారు. అప్పుడు అడ్వాన్సు తిరిగివ్వమనండి. రసీదు ఉంది కదా?